విమానం పాయింట్లు చూసి టికెట్ కొనేదెవరు?

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు నుంచి కువైట్‌కో సౌదీకో దుబాయ్‌కో పోయే మనిషి ట్రావెల్ ఏజెంట్ దగ్గర అడిగేవి నాలుగే మాటలు. రేటెంత? లగేజీ ఎన్ని కేజీలు? డైరెక్ట్ ఫ్లైటేనా, మధ్యలో దిగాల్నా? తేదీ మార్చుకుంటే ఎంత కట్టాలి? 'పాయింట్లు ఎన్నొస్తాయి భాయ్' అని అడిగేవాళ్లు అరుదు. అయినా దాదాపు ప్రతి పెద్ద ఎయిర్‌లైన్స్ ఫ్రీక్వెంట్ ఫ్లయర్ స్కీం నడుపుతోంది. మా విమానాల్లోనే తిరగండి, పాయింట్లు పోగేసి ఫ్రీ టికెట్ తీసుకోండి అంటోంది. ఆ మాట నమ్మి టికెట్ కొనేవాళ్లు నిజంగా ఉన్నారా?

ఉన్నారు. కాకపోతే వాళ్లలో ఎక్కువమంది టికెట్‌కు సొంత డబ్బు పెట్టేవాళ్లు కాదు.

ఈ స్కీంలకు ఊపు తెచ్చింది 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టిన అడ్వాంటేజ్. అంతకు మూడేళ్ల ముందే అమెరికాలో విమాన చార్జీల మీద సర్కారు అదుపు పోయింది, పోటీ పెరిగింది. ఆఫీసు పని మీద నెలకు నాలుగుసార్లు తిరిగే ఉద్యోగిని పట్టుకోవాలన్నది ఆలోచన. టికెట్ డబ్బు కంపెనీది, పాయింట్లు మాత్రం ఉద్యోగివి. ఒకే టైముకు రెండు విమానాలుండి, ఒకదానికి రెండు వేలు ఎక్కువైనా, పాయింట్లొచ్చేదే ఎక్కుతాడు. ఆయన జేబులోంచి పోయేదేముంది? ఇది కంపెనీ డబ్బుతో ఉద్యోగికి ఇచ్చే కమీషన్ లాంటిదే. మన కేంద్ర ప్రభుత్వానికీ ఇది తెలుసు. అందుకే అధికారిక ప్రయాణాల మీద వచ్చే పాయింట్లు ఆఫీసు ప్రయాణాలకే వాడాలి, సొంతానికి కాదు అని నిబంధన పెట్టింది. నార్వే అయితే 2002లో దేశంలోపలి విమానాల మీద ఎస్ఏఎస్ సంస్థ పాయింట్లు ఇవ్వడాన్నే ఆపించింది. పాయింట్ల మోజులో జనం పాత సంస్థనే పట్టుకుంటే కొత్తది నిలవలేదన్నది దాని వాదన. ఆ నిషేధం 2013లో గానీ పోలేదు. అంటే ప్రభావం ఉందనే కదా.

ఇక మన దేశం సంగతి. 2006లో ఎగరడం మొదలుపెట్టిన ఇండిగోకు 18 ఏళ్లపాటు ఫ్రీక్వెంట్ ఫ్లయర్ స్కీమే లేదు. పోటీలో ఉన్న జెట్ ఎయిర్‌వేస్‌కు జెట్ ప్రివిలేజ్, ఎయిర్ ఇండియాకు ఫ్లయింగ్ రిటర్న్స్, విస్తారాకు క్లబ్ విస్తారా ఉండేవి. అయినా దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఇండిగో వైపు వచ్చేశారు. తక్కువ రేటు, ఎక్కువ ఫ్లైట్లు, టైముకు బయలుదేరడం. సొంత డబ్బుతో ఎక్కేవాడికి ఇవి చాలు. చివరికి 2024 ఆగస్టులో ఇండిగో కూడా బ్లూచిప్ పేరుతో స్కీం ప్రకటించింది. అదే రోజు బిజినెస్ క్లాస్ కూడా ప్రకటించింది. పాయింట్లు ఎవరి కోసమో ఆ రెండూ కలిసి రావడంలోనే తెలిసిపోతుంది.

కడప ఎయిర్‌పోర్టు దగ్గర ఈ ప్రశ్నకే అర్థం లేదు. 2015లో తెరిచిన ఆ ఎయిర్‌పోర్టు నుంచి ఒకప్పుడు ట్రూజెట్, 2022 మార్చి నుంచి ఇండిగో నడిచాయి. ఉన్నదొకటే అయితే ఎంచుకునేదేముంది? గల్ఫ్‌కు పోవాలంటే హైదరాబాదో బెంగళూరో చెన్నైయో పోవాల్సిందే. కాబట్టి ఏ ఎయిర్‌లైన్స్ అన్నదానికంటే ముందు ఏ ఊరి ఎయిర్‌పోర్టు, అక్కడిదాకా బస్సు, కారు ఖర్చెంత అన్న లెక్క వస్తుంది.

లెక్క అంటే లెక్కే చూద్దాం. మాటవరసకు టికెట్ 30,000 రూపాయలు, దాని మీద వచ్చే పాయింట్ల విలువ 2 శాతం అనుకుందాం. అంటే 600 రూపాయలు. పక్క ఎయిర్‌లైన్స్‌లో అదే ప్రయాణం 28,000కు దొరికితే 600 కోసం 2,000 వదులుకోవాలి. పైగా ఆ 600 చేతికి రాదు, ఫ్రీ టికెట్‌కు సరిపడా పోగయ్యేదాకా ఆగాలి. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడికి అది పోగయ్యేదెప్పుడు? ఎమిరేట్స్ స్కైవార్డ్స్ మైళ్లకు గడువు మూడేళ్లే. అందరికంటే చవక టికెట్‌కు వచ్చే మైళ్లు కూడా తక్కువ. ఉమ్రాకు గ్రూప్‌లో పోయేవాళ్ల సంగతి ఇంకా తేలిక, గ్రూప్ రేటు టికెట్లకు చాలా సంస్థలు పాయింట్లే ఇవ్వవు.

ఈ సంగతి ఎయిర్‌లైన్స్‌కు తెలియక కాదు. 2025 జనవరిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ గల్ఫ్ మార్గాల్లో 30 కేజీల ఉచిత లగేజీ అని గట్టిగా చెప్పుకుంది. ఖర్జూరం, దుప్పట్లు, పిల్లల బట్టలు సర్దుకునే మనిషికి పది కేజీలు ఎక్కువంటే అదే అసలు పాయింటు.

మరి ఇంత ఖర్చు పెట్టి స్కీంలు ఎందుకు? వాటి మీద లాభం టికెట్ల కంటే బ్యాంకుల దగ్గర ఎక్కువ. క్రెడిట్ కార్డు వాడినవాళ్లకు ఇవ్వడానికి బ్యాంకులు ఎయిర్‌లైన్స్ దగ్గర పాయింట్లు కొంటాయి. 2020 జూన్‌లో కరోనా వల్ల విమానాలు నేలమీదున్నప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్‌ప్లస్ స్కీంనే తాకట్టు పెట్టి 500 కోట్ల డాలర్ల అప్పుకు ఏర్పాట్లు చేసుకుంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, దాని పాయింట్ల స్కీం మాత్రం ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని తర్వాతా నడిచింది. విమానమే లేదు, మైళ్లున్నాయి! ఈ ఫ్రీ టికెట్ల ఖర్చులో ఎంతో కొంత అందరి చార్జీల్లోనే కలిసి ఉంటుంది. అంటే పాయింట్లు అడగని కువైట్ డ్రైవరు, పాయింట్లు లెక్కపెట్టే మేనేజరు టికెట్‌కు కాస్త తోడు పడుతున్నట్టే.

కాబట్టి పాయింట్ల కోసం టికెట్ మార్చుకోవద్దు గానీ, వచ్చేదాన్ని వదులుకోవాల్సిన పనీ లేదు. సభ్యత్వానికి రూపాయి కట్టనక్కర్లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే చేరాలి, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే పాయింట్లు పడవు. బుకింగ్ అయ్యేటప్పుడే సభ్యత్వ నంబరు పీఎన్ఆర్‌లో ఎక్కించమని ఏజెంట్‌కు చెప్పాలి. ఆ నంబరు తనదే ఉందా, ఇంకొకరిది ఉందా అని ఈ-టికెట్‌లో చూసుకోవాలి. సభ్యుడై ఉండి మర్చిపోతే, ప్రయాణం అయిన కొన్ని నెలల్లోపు అడిగినా చాలా సంస్థలు జమ చేస్తాయి, దానికి బోర్డింగ్ పాస్ దాచుకోవాలి. ఎమిరేట్స్‌లో కుటుంబ సభ్యుల మైళ్లన్నీ ఒకే ఖాతాలో కలుపుకునే వీలుంది, అన్నదమ్ములు ముగ్గురూ దుబాయ్‌లో ఉన్న ఇళ్లకు అది పనికొస్తుంది.