ముందు ఏడవనివ్వండి!

ఉద్యోగం ఊడినవాడికి మనవాళ్లు మొదట వడ్డించేది ఉపదేశం. "అంతా మన మంచికే, ధైర్యంగా ఉండు" అంటారు. అనేది ఎవరయ్యా అంటే, ఒకటో తారీఖున పింఛను అందుకొనే నాబోంట్లు!

నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికాలో కొలువు పోగొట్టుకొన్నాడు. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఆపైన గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపల మరో సంస్థ దొరకాలి, లేదా వేరే వీసాకు మారాలి, కాకుంటే దేశం విడవాలి. ఇంటి అప్పు, పిల్లల చదువు అన్నీ ఆ లెక్కలోనే. అతనితో "పాజిటివ్‌గా ఆలోచించు" అనడం ఓదార్పా, పరిహాసమా?

"శ్రీరాముణ్ణి చూసి నేర్చుకో" అనే పెద్దలకొక మనవి. కిష్కింధాకాండ తెరవండి. పంపాతీరాన తొలిసర్గలో అధికభాగం రాముని విలాపమే. లక్ష్మణుడు అంతా విన్నాడు. పిదపనే ఉత్సాహం వహించమన్నాడు. అని ఊరుకోక, వెంట నడిచాడు.

దుఃఖం అప్రయోజకత్వం కాదు. పోయినది కొలువే గాని విద్య కాదు. ఆ మాట చెప్పదలిస్తే ముందు అతని గోడు వినండి. తరువాత తెలిసినచోట ఒక మాట సాయం చేయండి. అదీ చేతకాకుంటే, దయచేసి మౌనం వహించండి.