చప్పుడు వేరు, వేగం వేరు



సైలెన్సర్ పీకేసిన బండి ఎక్కువ అరుస్తుంది గానీ ఎక్కువ ఉరకదు. ఇది నా అభిప్రాయం అనుకునేరు, లెక్క కట్టి చూపించగల విషయం. నా అభిప్రాయం వేరే ఉంది. ఇంజన్ ట్యూనింగ్ కూడా ఒక చదువే, దాన్ని మన బడిలో చదువుగానే చూడాలి అంటాను.

ఇప్పుడే ఎందుకంటే, పోయిన నెల మన పాత విద్యార్థి ఒకరు సైలెన్సర్ తీసేయించిన బండి మీద గేటు దాకా వచ్చారు. చిన్న తరగతుల పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి హాస్టల్లో బండి మాట ఎత్తితే చాలు, "చదువు చెడిపోతుంది" అంటున్నారు. నోటు బుక్కు వెనక గీసుకున్న బండి బొమ్మలు కూడా చింపించారు. చప్పట్లు కొట్టినవాళ్ళూ, బొమ్మలు చింపించినవాళ్ళూ ఇద్దరూ చప్పుడునే ఇంజన్ అనుకున్నారు. అక్కడే వచ్చింది చిక్కు.

హైదరాబాద్ లోయర్ ట్యాంక్ బండ్‌లో మా బావ ఒక షెడ్డులో పని చేస్తాడు. రెండు ఎండాకాలాలు సెలవుల్లో నేను అక్కడ ఉన్నాను. పైన కట్ట, కట్ట మీద విగ్రహాలు, అవతల హుస్సేన్ సాగర్. కట్ట కింద రోడ్డు, కట్ట మైసమ్మ గుడి. కొంచెం దూరంలో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లు. మన ఊళ్ళ నుంచి పోయిన అన్నలు, అక్కలు అక్కడ గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకొని పొద్దంతా కూర్చుంటారు. వాళ్ళను గౌరవిస్తాం, గౌరవించాలి కూడా. కానీ చేతికి నూనె అంటినవాళ్ళు కూడా పొద్దంతా లెక్కలే చేస్తుంటారని ఎవరూ అనుకోరు.

ఆ షెడ్డులో ఎక్కువగా మామూలు సర్వీసింగే. ఏడాదికి రెండో మూడో బండ్లను రేసు ట్రాక్ కోసం తయారు చేస్తారు. అవి రోడ్డు మీద ఉరకడానికి కాదు. వ్యానులో ఎక్కించి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్‌కో, కోయంబత్తూరు ట్రాక్‌కో తీసుకుపోతారు. అట్లాంటి బండి వస్తే ఉస్తాద్ ముందు ఇంజన్ ముట్టడు. బ్రేకులు, టైర్లు, చైను చూస్తాడు. "ఆగుడు రానోనికి ఉరుకుడెందుకు?" అంటాడు. లైట్లు, స్టాండు తీసేస్తారు. ఆయిల్ బోల్టు ఊడి ట్రాక్ మీద నూనె కారితే వెనకాల వచ్చేవాళ్ళు జారి పడతారని దానికి సన్న స్టీలు తీగ కడతారు. ఇవన్నీ అయినంకనే ఇంజన్.

ఇంజన్ పని కూడా కొలతతోనే మొదలవుతుంది. మన ఊళ్ళల్లో ఇప్పటికీ కనబడే యమహా ఆర్‌ఎక్స్ 100 తీసుకోండి. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైంది. దాని సిలిండర్ అడ్డం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 50 మిల్లీమీటర్లు. వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లు కదా. 3.14ను 2.5తో రెండుసార్లు, 5తో ఒకసారి గుణిస్తే 98 పైచిలుకు వస్తుంది. బండి 98 సీసీ అనేది అదే. స్తూపం ఘనపరిమాణం మనం పరీక్షలో రాసే లెక్కే. నిమిషానికి 7500 చుట్లు అంటే సెకనుకు 125. చుట్టుకు పిస్టన్ పైకీ కిందికీ కలిపి 10 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే సెకనుకు పన్నెండున్నర మీటర్లు! ఆ వేగంలో ఒక గీత మందం తేడా వచ్చినా పిస్టన్ పట్టేస్తుంది.

ట్యూనింగ్ అంటే ఒకటి పెంచితే ఒకటి తగ్గుతుందని తెలిసి చేసే పని. హెడ్డును కొంచెం అరగదీస్తే కంప్రెషన్ పెరుగుతుంది, బలం పెరుగుతుంది. హద్దు దాటితే పెట్రోలు వేళ కాని వేళ అంటుకొని లోపల టకటక కొడుతుంది, పిస్టన్‌కు చిల్లు పడుతుంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి ఒక గ్రాముకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పూర్తి బలం కావాలంటే గాలి ఇంకొంచెం తగ్గించి 13 దగ్గర పెడతారు. అది సరిపోయిందా లేదా ప్లగ్గు విప్పి చూస్తే తెలుస్తుంది. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలితే తక్కువ. పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే సరి. ముందు పళ్ళ చక్రం 14 నుంచి 13 పళ్ళకు మారిస్తే బండి ఎగిరి దూకుతుంది, కానీ అదే చుట్లకు పై వేగం నూటికి ఏడు వంతులు తగ్గుతుంది. మలుపులు ఎక్కువున్న ట్రాక్‌కు అది లాభం, పొడుగు రోడ్డుకు నష్టం.

ఇక పైపు సంగతి. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పొగ బయటికి పోయేటప్పుడు కొంత కొత్త పెట్రోలు ఆవిరి కూడా వెంట పోతుంది. పైపును మధ్యలో లావుగా, చివర సన్నగా చేస్తే చప్పుడు అల గోడకు తగిలి వెనక్కి వచ్చి, పోతున్న ఆవిరిని మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. ధ్వని పాఠంలో మనం చదివే ప్రతిధ్వనే ఇది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ ఈ అలను కొలిచి కొలిచి, 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ తీశాడు. మన ఆర్‌ఎక్స్ 100 కంపెనీ నుంచి వచ్చింది 11తో. ఆ 1961లోనే ఆయన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం దాటి ఆ రహస్యాలను సుజుకీకి చేర్చాడు. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఒక పైపు ఆకారం అంత విలువైంది. మనవాళ్ళు 500 రూపాయలిచ్చి దాన్నే కోసేయిస్తున్నారు! అల వెనక్కి రాదు, ఆవిరి బయటికి పోతుంది, బలం తగ్గుతుంది. మిగిలేది చప్పుడే.

చప్పుడుకూ వేగానికీ చుట్టరికం లేదనడానికి ఇంకో సాక్ష్యం అదే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉంది. 2023 ఫిబ్రవరి 11న అక్కడ ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. మన దేశంలో అదే మొదటిది. 2.8 కిలోమీటర్ల పైచిలుకు చుట్టు, ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అవి గంటకు 300 కిలోమీటర్లు దాటగల కరెంటు కార్లు. వాటికి సైలెన్సరే లేదు, ఈల వేసినట్టు సన్నగా కూసుకుంటూ పోతాయి.

"మెకానిక్ పని చదువు రానోళ్ళది" అనే మాట కూడా తప్పే. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు ఒక దొరగారి రడ్జ్ మోటార్ సైకిల్ చూసి, పట్నంలో హోటల్లో పని చేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. కొని ఊరేగలేదు. విప్పి, మళ్ళీ బిగించి నేర్చుకున్నారు. తర్వాత బస్సులు నడిపారు, మోటార్లు చేశారు, 1945లో పాలిటెక్నిక్ పెట్టడానికి ముందుకొచ్చారు. కోయంబత్తూరు తెలుగు కుటుంబం నుంచి వచ్చిన కరివర్ధన్ గారు మారుతీ 800 ఇంజన్‌తో రేసు కార్లు తయారు చేశారు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. అట్లాంటి చిన్న కార్లలోనే మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడు అయ్యారు.

వార్డెన్ సార్ల భయం నాకు అర్థమవుతుంది. పద్దెనిమిది నిండకుండా గేరు బండి నడిపితే తల్లిదండ్రుల మీద కేసు, 25,000 రూపాయల జరిమానా. అనుమతి లేకుండా బండి మారిస్తే మార్పుకు 5,000 లేదా ఆరు నెలల జైలు. చట్టం సంగతి అట్లుంచినా, మన ఘాట్ రోడ్ల మీద పడితే మళ్ళీ లేవం. అందుకే ట్యూనింగ్ రోడ్డు మీద వద్దనే నేనూ అంటున్నాను. కానీ బొమ్మలు చింపితే ఇష్టం పోదు, దాక్కుంటుంది. దాక్కున్న ఇష్టాన్ని నడిపించేది ఆ సైలెన్సర్ లేని బండి అన్నే.

కాబట్టి నా విన్నపాలు రెండు. ఒకటి, తుక్కు షాపులో దొరికే పాత ఇంజన్ ఒకటి తెచ్చి సైన్సు గదిలో పెట్టండి. పెట్రోలు వద్దు, స్టార్టింగూ వద్దు. ఆదివారం పూట సైన్సు సార్ దగ్గరుండి విప్పించి, మాతోనే బిగింపిస్తే చాలు. రెండు, పదో తరగతి తర్వాత ఏం చదవాలో రాసిన బోర్డు మీద ఇంటర్ గ్రూపుల పక్కన ఐటీఐ మోటార్ మెకానిక్, పాలిటెక్నిక్ ఆటోమొబైల్ కూడా అంతే పెద్ద అక్షరాలతో రాయించండి. 2020 నుంచి అమ్మే చాలా బండ్లలో కార్బురేటర్ పోయి కంప్యూటర్ వచ్చింది. ఉస్తాద్ దగ్గర ఇప్పుడు పానాతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఉంది. రేపటి షెడ్డుకు చదువుకున్నవాళ్ళే కావాలి.

తమ్ముళ్ళకు ఒక మాట. ఈసారి గేటు దగ్గర చప్పుడు బండి వస్తే చప్పట్లు కొట్టకండి. "అన్నా, ప్లగ్గు ఏ రంగులో ఉంది?" అని అడగండి.

– పదో తరగతి విద్యార్థి