ట్యాప్ విరిగితే తప్పు ఫిట్టర్‌దేనా?

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో మరలు కోసే ట్యాప్ విరిగిందంటే అందరి చూపూ ముందు ఫిట్టర్ మీదికే పోతుంది. చెయ్యి తిరగలేదంటారు. మరలు కోయడం ఆఖరి పనుల్లో ఒకటి కాబట్టి కోపం రావడమూ సహజమే. లోపల ఇరుక్కున్న ట్యాప్ ముక్క మామూలు డ్రిల్‌కు లొంగదు, జాబ్‌ను స్పార్క్ ఎరోజన్ యంత్రానికి మోయాల్సిందే. అయితే చాలాసార్లు తప్పు అంతకు ముందే, డ్రాయింగ్ మీదే జరిగిపోయి ఉంటుంది.

ఎం6 మరకు 5 మి.మీ. బెజ్జం అన్నది ప్రతి ఐటీఐ కుర్రాడికీ కంఠతా వచ్చిన లెక్క. దాంతో పూర్తి మర లోతులో 77 శాతం వస్తుంది. మెత్తని ఇనుముకు ఇబ్బంది లేదు. కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ తయారుచేసే టైటానియం, నికెల్ మిశ్రమాల వంటి వాటికీ అదే లెక్క వాడితేనే చిక్కు. బెజ్జం 5.1 చేస్తే మర 69 శాతానికి తగ్గుతుంది, కోత తేలికవుతుంది. మామూలు 6హెచ్ టాలరెన్స్ 5.153 దాకా ఒప్పుకుంటుంది కూడా. 5.2 వేయాలంటే మాత్రం డ్రాయింగ్‌లో ఇంకాస్త వదులైన 7హెచ్ అని ఉండాలి. ఆ అధికారం ఫిట్టర్‌కు లేదు.

మర బలహీనపడదా? నూరు శాతం మరకు 75 శాతం మర కంటే బలం 5 శాతమే ఎక్కువ, కోయడానికి మాత్రం దాదాపు మూడింతల శక్తి కావాలని వర్క్‌షాప్ పుస్తకాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి.

లోహాల తీరు కూడా ఒకటి కాదు. 304 స్టెయిన్‌లెస్‌ను మొద్దుబారిన ట్యాప్ కోయదు, రుద్దుతుంది. రుద్దినకొద్దీ ఆ పొర గట్టిపడి మరింత మొరాయిస్తుంది. టైటానియం వేడిని త్వరగా లాక్కోదు, అదంతా ట్యాప్ అంచు మీదే పడుతుంది. పైగా ఉక్కుతో పోలిస్తే దాని బిగువు సుమారు సగమే. కోసిన గోడ వెనక్కి వచ్చి ట్యాప్‌ను పట్టేస్తుంది. అందుకే పదునైన ట్యాప్, తక్కువ వేగం, చిక్కటి కటింగ్ ఆయిల్ తప్పనిసరి. అడుగు మూసుకున్న బెజ్జానికి చిప్స్‌ను పైకి తెచ్చే స్పైరల్ ఫ్లూట్ ట్యాపే వాడాలి. ఖరీదైన జాబ్ అయితే సీఎన్‌సీ మీద థ్రెడ్ మిల్లింగ్ ఇంకా మేలు. ఆ కట్టర్ బెజ్జం కంటే సన్నం, విరిగినా తీసేయవచ్చు.

వీటిలో ఏదీ ఫిట్టర్ కొనేది కాదు. బలం సరిపోయే చోట డిజైనర్లు 7హెచ్ రాయడానికి వెనుకాడకూడదు. విరిగిన ట్యాప్ ఖరీదు జీతంలో కోసే అలవాటు ఎక్కడ ఉన్నా యజమానులు దాన్ని మానుకోవాలి.