వాణిజ్య రహస్యాలు: ముందు చట్టమా, సంతకమా?

1989 జూలైలో గాట్ చర్చల సందర్భంగా భారతదేశం ఒక పత్రాన్ని సమర్పించింది. వాణిజ్య రహస్యాన్ని మేధాసంపత్తి హక్కుగా పరిగణించరాదన్నది అందులోని వాదన. పేటెంటు కోరేవాడు తన పరిజ్ఞానాన్ని లోకానికి వెల్లడించక తప్పదు. రహస్యం దాచుకునేవాడికి ఆ బాధ్యత లేదు. కనుక అతనికి కాంట్రాక్టు, సివిల్ చట్టాల రక్షణ చాలునని మన ప్రతినిధులు వాదించారు.

ఆ వాదన నెగ్గలేదు. 1995లో అమలులోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందపు 39వ అధికరణం, వెల్లడి కాని సమాచారాన్ని పరిరక్షించే బాధ్యతను సభ్యదేశాలపై మోపింది. ప్రత్యేక చట్టం చేయాలని మాత్రం ఆదేశించలేదు. ఆ వెసులుబాటుతోనే మన న్యాయస్థానాలు 1872 నాటి కాంట్రాక్టు చట్టాన్ని, విశ్వాసభంగ సూత్రాలను ఆధారం చేసుకుని తీర్పులు ఇస్తూ వచ్చాయి. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టాన్ని సిఫారసు చేసి, ముసాయిదా బిల్లును సైతం జతపరచింది.

చట్టం వచ్చే పక్షంలో దాని హద్దులను ఎవరు నిర్ణయిస్తారన్నది అసలు ప్రశ్న. స్వేచ్ఛా వాణిజ్య చర్చలలో సంపన్న దేశాలు ట్రిప్స్‌ను మించిన హామీలు కోరుతూ వచ్చాయి. ఒక కంపెనీ జరిపిన ఔషధ పరీక్షల ఫలితాల ఆధారంగా మరొక కంపెనీ మందుకు కొన్నేళ్లపాటు అనుమతి ఇవ్వరాదన్నది వాటిలో ముఖ్యమైనది. పేటెంటు లేకపోయినా చౌక మందు రాకుండా ఇది అడ్డుపడగలదు. స్విట్జర్లాండ్, నార్వే తదితర నాలుగు దేశాల ఇఎఫ్‌టిఎ కూటమితో 2024లో కుదిరిన ఒప్పందంలో మన ప్రభుత్వం దీనికి సమ్మతించలేదు. ప్రతిసారీ అంత గట్టిగా నిలబడగలమన్న భరోసా ఏమిటి?

ఉద్యోగుల మాట కూడా ఉన్నది. కొలువు విడిచినవాడు అదే వృత్తిని మరొకచోట చేయరాదనే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఐడిపిఎల్‌లో పనిచేసిన అనుభవంతో బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిన అంజిరెడ్డి వంటివారి కృషితోనే హైదరాబాద్ ఔషధ పరిశ్రమకు కేంద్రమయింది. నేర్చిన విద్యకు, అపహరించిన రహస్యానికి మధ్య గీత గీయవలసినవారు మన శాసనకర్తలే.

అయితే మన వ్యవస్థలో అంతర్జాతీయ ఒప్పందానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం అక్కరలేదు. 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో సంతకాలు జరిగిపోయిన తరువాతనే పేటెంట్ల సవరణ సభ ముందుకు వచ్చింది. 1995లో ఆ బిల్లు రాజ్యసభలో నిలిచిపోయినా, 1999లో సవరణను ఆమోదించక తప్పలేదు.

ఆ చరిత్ర పునరావృతం కాకూడదంటే ప్రభుత్వం ముందుగానే బిల్లును ప్రవేశపెట్టి, స్థాయీసంఘం పరిశీలనకు పంపాలి. అక్రమాలను బయటపెట్టేవారికి, ప్రజాహితానికి లా కమిషన్ సూచించిన మినహాయింపులను నిలుపుకుని, ఉద్యోగి స్వేచ్ఛను స్పష్టంగా చేర్చాలి. అప్పుడు చర్చలకు కూర్చునే మన ప్రతినిధి చేతిలో పార్లమెంటు చేసిన చట్టం ఉంటుంది.