గుర్రాన్ని ఎందుకిచ్చావన్నా?

మొన్నొక పుస్తకావిష్కరణ సభలో ఒక కవిగారు చదరంగం ఎత్తుకున్నారు. 2024లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక మన సభల్లో చదరంగం ఉపమానాలు బాగా పెరిగాయి. ఆ ఆటంటే ప్రాణం కాబట్టి నాకు సంతోషమే. కానీ ఆయనన్న మాట ఇది: త్యాగం లేకుండా చదరంగంలో గెలుపు లేదు, సాహిత్యంలోనూ లేదు. హాలంతా చప్పట్లు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ఇంగ్లీషులో శాక్రిఫైస్ అంటారు కదా, మన స్పోర్ట్స్ పేజీలు దాన్ని 'త్యాగం' చేసేశాయి. మంత్రిని త్యాగం చేశాడు, ఏనుగుని త్యాగం చేశాడు. రోజూ చదివీ చదివీ మనకి అలవాటైపోయింది. నా గొడవంతా ఈ మాటతోనే. ఎక్కడైనా తప్పే గానీ, క్యాస్లింగ్ చేసుకోని రాజు మీద దాడి గురించి రాసేటప్పుడు ఇది మరీ తప్పు. మన కథకులకీ వ్యాసకర్తలకీ బాగా నచ్చే దృశ్యం కూడా అదే: బోర్డు నడిబొడ్డున ఒంటరి రాజు, అవతల తన బలగాన్నంతా ధారపోసే వీరుడు.

ఆ వీరుడి వేషం నేనూ వేశాను. డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఓపెన్ టోర్నమెంటుకి వెళ్ళా. ఎదురుగా పదేళ్ళ పిల్ల. కుర్చీ చాలక మోకాళ్ళ మీద కూచుంది. పది ఎత్తులు దాటినా రాజుకి కోట కట్టుకోలేదు. అప్పటికి నేను టాల్ ఆటలు కొన్ని చదివి ఉన్నా. పూనకం వచ్చింది. గుర్రాన్ని ఇచ్చేశా. ఆ పిల్ల బోర్డు వంక కాసేపు చూసి, గుర్రాన్ని తిని, నేను చెక్ చెప్తే రాజుని ఒక గడి పక్కకి జరిపింది. అంతే. చూసుకుంటే దాడికి నా మంత్రి తప్ప ఎవరూ లేరు. ఏనుగులు రెండూ మూలల్లోనే ఉన్నాయి. ఆట అయ్యాక పావులు డబ్బాలో సర్దుతూ అడిగింది, "గుర్రాన్ని ఎందుకిచ్చావన్నా?" అని. వెక్కిరింపేమీ లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ధైర్యంగా అనిపించింది కాబట్టి ఇచ్చాను, అంతకంటే ఏం చెప్పను?

ఆ ప్రశ్నకి జవాబున్న ఆట ఒకటి చెప్తా. 1895 ఆగస్టు, ఇంగ్లండులోని హేస్టింగ్స్. తెల్ల పావులు విల్‌హెల్మ్ స్టైనిట్జ్‌వి, నల్లవి కర్ట్ వాన్ బార్డెలెబెన్‌వి. స్టైనిట్జ్‌కి 59 ఏళ్ళు, అంతకు ముందు ఏడాదే లాస్కర్ చేతిలో ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నాడు.

14వ ఎత్తులో స్టైనిట్జ్ తన ఏనుగుని రాజుల వరసలోకి, అంటే ఇ1కి తెచ్చాడు. ఆ వరస చివర నల్లరాజు, రాజుకి ముందు నల్లగుర్రం. ఇప్పుడు బార్డెలెబెన్ క్యాస్లింగ్ చేసుకోవచ్చుగా? రూల్స్ ప్రకారం అడ్డేమీ లేదు. కానీ ఆ గుర్రానికి కాపలా రాజే. రాజు కోటలోకి వెళ్ళిన మరుక్షణం గుర్రం పోతుంది. తర్వాత మంత్రి కాపలాకి వచ్చినా, తెల్ల మంత్రి కూడా ఏనుగు ముందు చేరడంతో లెక్క మారలేదు. తనకి అడ్డుగా నిలబడినవాడికి తానే కాపలా కాయాల్సిన రాజు. ఇక్కడిదాకా స్టైనిట్జ్ ఏమీ 'త్యాగం' చెయ్యలేదని గమనించండి.

నల్లరాజుకి దారి ఒకటుంది: ఒక గడి ముందుకొచ్చి, ఏనుగుని మధ్యకి పంపి, నడిచే కోట కట్టుకోవడం. 17వ ఎత్తులో స్టైనిట్జ్ డి5లోకి ఒక బంటుని తోశాడు. ఊరికే ఇచ్చాడు. ఎందుకంటే ఆ బంటు నిలబడ్డ డి4 గడి అతని గుర్రానికి కావాలి. గుర్రం అక్కణ్ణుంచి ఇ6కి దూకి శత్రువు ఇంట్లో బైఠాయిస్తుంది. బంటు ఖరీదుకి ఒక గడీ, ఒక ఎత్తు సమయమూ కొన్నాడన్నమాట. ఆ బంటుని తినకుండా బార్డెలెబెన్ వెంటనే రాజుని కదిపి ఉంటే పోరు మిగిలేదని తర్వాతి విశ్లేషకులు చూపించారు. తిన్నాడు. రాజు కదలడం ఒక్క ఎత్తు ఆలస్యమైంది.

22వ ఎత్తు. స్టైనిట్జ్ ఏనుగు ఇ7లోని గుర్రాన్ని తిని చెక్ చెప్పింది. రాజు ఆ ఏనుగుని తింటే రెండో ఏనుగు ఖాళీ వరసలోకి వచ్చి తరుముతుంది. మంత్రి తింటే సి8లోని ఏనుగుకి కాపలా తగ్గి, లెక్క తేలేసరికి నలుపు ఒక గుర్రం తక్కువతో మిగులుతుంది. అందుకని రాజు పక్కకి తప్పుకున్నాడు. ఇప్పుడు బోర్డు చూడండి: తెలుపుకి మంత్రి, రెండు ఏనుగులు, గుర్రం మిగిలాయి. నాలుగూ నలుపు నోటికి అందేవే! పైగా నలుపుకి ఒక్క ఎత్తు తీరిక దొరికితే తెల్లరాజుకే మాట్. కానీ ఆ తీరికే దొరకదు. ఏనుగు ఏడో వరసలో ఒక్కో గడీ నడుస్తూ, ఇ7, ఎఫ్7, జి7, హెచ్7, ప్రతి అడుగుకీ చెక్ చెప్తుంది. 25వ ఎత్తు చూసి బార్డెలెబెన్ ఏమీ అనకుండా లేచి హాల్లోంచి బయటికి వెళ్ళిపోయాడు. అతని గడియారం అలా నడిచి నడిచి ఆగింది. మిగిలిన ఎత్తులు స్టైనిట్జ్ అక్కడున్నవాళ్ళకి చూపించాడంటారు.

ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడ బార్డెలెబెన్‌ని పిరికివాణ్ణి చేస్తారు. అతని మర్యాదలేనితనాన్ని నేను వెనకేసుకు రాను. కానీ అతను పిరికివాడైతే స్టైనిట్జ్ వీరుడైపోతాడు. స్టైనిట్జ్ జీవితమంతా వాదించింది దానికి వ్యతిరేకంగానే కదా! దాడి అనేది ఆటగాడి తెగువలోంచి పుట్టదు, చిన్న చిన్న ఆధిక్యాలు పోగుపడితే పుడుతుంది, అవి లేని దాడి తిప్పికొట్టబడుతుంది అని చెప్పినవాడు. వీరత్వాన్ని నమ్మనివాడి చేతిలోంచే ఆ శతాబ్దపు మహా సుందరమైన దాడి ఒకటి వచ్చింది.

ఇంకో సాక్ష్యం. 1997 మే 11, న్యూయార్క్. డీప్ బ్లూతో ఆరో ఆటలో గ్రాండ్‌మాస్టర్లలోకెల్లా మేటి కాస్పరోవ్ ఏడో ఎత్తులో ఒక బంటుని తొందరపడి కదిపాడు. యంత్రం ఇ6లో గుర్రాన్ని ఇచ్చింది. కాస్పరోవ్ రాజు కోట మొహం చూడలేదు. 19 ఎత్తుల్లో ఆట అయిపోయింది, దాంతో పాటు మ్యాచ్ కూడా. ఆ గుర్రాన్ని ఇవ్వడం యంత్రం అప్పటికప్పుడు లెక్కేసింది కూడా కాదు. దాని ఓపెనింగ్ పుస్తకంలో మనుషులు ముందే పెట్టి ఉంచిన ఎత్తు. ఇప్పుడు చెప్పండి, ఆ ఇనప్పెట్టె దేన్ని త్యాగం చేసింది?

టాల్ సంగతేంటి అంటారు, నాకు తెలుసు. చివరిదాకా లెక్కపెట్టకుండానే ఇచ్చేవాడు కదా, ఆయన ఇచ్చినవాటిలో కొన్ని నిలబడవని తర్వాత తేలింది కదా? నిజమే. కానీ టాల్ ఎక్కడ ఇచ్చేవాడో చూడండి. ఎదుటి రాజు చిక్కుకున్నచోట, గడియారం నడుస్తున్నచోట, తప్పించుకునే దారి ఒకటే ఉండి అది కనబడనిచోట. అది జూదం అనండి, ఒప్పుకుంటా. మంచి జూదరి అనండి, ఇంకా ఒప్పుకుంటా. జూదంలో ఒడ్డినదాన్ని త్యాగం అన్నవాణ్ణి మాత్రం మన భారతంలో ఎవరూ మెచ్చుకోలేదు.

ఒక మాట కోసం ఇంత రభసా అంటే, ఆ మాట బోర్డు మీద ఆగడం లేదు కాబట్టి. త్యాగం అంటే తనది తాను వదులుకోవడం. బంటుని ఇచ్చినప్పుడు పోయేది బంటు, గెలిచేది ఆటగాడు. బోర్డు మీద అవి చెక్కముక్కలు కాబట్టి బాధ లేదు. కానీ ఇదే వ్యాకరణం బయట కూడా నడుస్తోంది. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవాళ్ళని వేదికల మీద త్యాగధనులంటాం. మన పుస్తకాల ముందుమాటలు తిరగెయ్యండి: "నా శ్రీమతి త్యాగం లేనిదే ఈ రచన లేదు." ఆవిడ చేసిందా, ఆయన ఆవిడతో చేయించాడా? ఆవిడ కూడా రాసేదేమో, ఎవరైనా అడిగారా? ఖర్చు పెట్టినవాడు ఒకరు, ఖర్చైపోయినవాళ్ళు ఇంకొకరు అయినచోట త్యాగం అనే మాట లెక్క అడగనివ్వదు. దండ వేసి నోరు మూయిస్తుంది.

అందుకే ఆ మాటని కనీసం చదరంగంలోంచైనా తీసేద్దాం అంటున్నా. 'గుర్రాన్ని ఇచ్చాడు' అంటే చాలు. ఇచ్చాడు అంటే వెంటనే అడగొచ్చు: దేనికిచ్చాడు, ఏం వచ్చింది, ఎవరిది పోయింది? స్టైనిట్జ్ ఆ ప్రశ్నలన్నిటికీ గడి గడికీ జవాబు చెప్తాడు. ఆ ఆట అందమంతా ఆ జవాబుల్లోనే ఉంది.

సభ అయ్యాక కవిగారు బయట టీ తాగుతూ కనబడ్డారు. "బాగుందా నా మాట?" అన్నారు. పెద్దాయన, ఏమంటాం. ఆయన చేతిలో కొత్త పుస్తకం ఉంది. తీసుకుని ముందుమాట పేజీ తెరిచాను.