పాతబియ్యమునకు రైతు పేరు కావలెను

పండుగ వచ్చినను, పెండ్లి వచ్చినను హుస్నాబాద్ ప్రాంతమున వంటవారు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "బియ్యం పాతయేనా?" పాతవి అన్న చాలును. ఎవరి పొలమున పండినవి, ఎట్లు ఆరినవి, ఎక్కడ నిలువయున్నవి అని మరి అడుగువారు లేరు. అట్లు అడుగకపోవుటయే మంచి రైతునకు నష్టము కలిగించుచున్నదని నా అభిప్రాయము.

పాతబియ్యము మేలగుటకు కారణము కలదు. నెలలు గడచిన కొలది గింజలోని మాంసకృత్తులు, పిండిపదార్థము గట్టిపడును. అందువలన అన్నము ఎక్కువ నీరు పీల్చి, బాగుగా ఒదిగి, ముద్దగాక పలుకుపలుకుగా నుండును. అయితే కాలము మంచి గింజనే మేలు చేయును. చెడ్డ గింజను బాగుచేయజాలదు. తడి ఆరని వడ్లు రాశిలో వేడెక్కి గింజ పసుపుబారును. తవుడులోని నూనె చెడి ముక్కవాసన వచ్చును.

మా బంధువుల రెండిండ్లలో నేను దీనిని కండ్లార చూచితిని. రెండును సాంబ మసూరియే. ఒకే వానకాలపు పంట. రెండును ఏడాది నిలువ. ఒక యింట అన్నము మల్లెమొగ్గలవలె విడివడెను. రెండవ యింట నూకయు, వాసనయు. మొదటివారు వడ్లను పలుచగా పరచి, గంటగంటకు తిరుగవేసి, రాత్రి మంచు తగులకుండ కప్పిరి. రెండవవారు మండుటెండలో సిమెంటు గచ్చుపై ఒక్కనాడు ఆరబోసి, మంచులో వదలి, మరునాడు బస్తాల కెత్తిరి. ఎండిన గింజకు మరల తడి తగిలిన పగుళ్లు పుట్టును. ఆ పగుళ్లే మిల్లులో నూకయగును.

ఈ సందర్భమున ఫ్రాన్సు దేశపు బర్గండీ సీమ సంగతి తెలిసికొనదగినది. మద్యమును పొగడుట నా ఉద్దేశము కాదు. వారి పద్ధతి మాత్రమే చెప్పుచున్నాను. అచ్చట క్లో ద వూజో అను ద్రాక్షతోట కలదు. విస్తీర్ణము సుమారు 125 ఎకరములు. హక్కుదారులు ఇంచుమించు 80 మంది. అందరిదియు పినో న్వార్ అను ఒకే నల్లద్రాక్ష. ఐనను సరుకును ఒక్క కుప్ప చేయరు. ఎవరి వైను వారి పేరనే సీసాల కెక్కును. సీసాపై పంట సంవత్సరము వేయుదురు. పది పదునైదేండ్ల పిమ్మట, ఒకే ఏటి సీసాలను పేర్లు కనబడకుండ కప్పి, ప్రక్కప్రక్కన పోసి రుచి చూతురు. తోట ఒక్కటి, తీగ ఒక్కటి, ఏడు ఒక్కటి. మిగిలిన భేదములో చేతికిని పాలు కలదు. నేర్పరికి పేరు, పేరునకు ధర వచ్చును.

మన యొద్ద నలుగురి వడ్లు ఒకే రాశిలో కలిసిపోవును. 2024 వానకాలమున సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ఇచ్చుట మేలైన పని. కాని అది రకమునకు వచ్చినది. ఆరబెట్టిన నేర్పునకు కాదు. 17 శాతము తేమతో అమ్మినవానికి, 13 శాతమునకు ఆరబెట్టినవానికి క్వింటాలు ధర ఒక్కటే యైనచో, రెండవవాడు క్వింటాలుకు సుమారు 4½ కిలోల తూకము పోగొట్టుకొనును. ఇక శ్రద్ధ ఎవనికి కలుగును?

కావున రైతు సోదరులకు నా మనవి యిది. ఊరిలో ఐదారుగురు కలిసి, ఒకే రకము వడ్లు, ఒకే కారువి, తలా రెండు బస్తాలు నిలువ చేయుడు. తేమ 13 శాతము మించరాదు. గోనెసంచులు నేలపైగాక చెక్కలపై, గోడకు దూరముగా నుంచుడు. ప్రతి సంచిపై రైతు పేరు, రకము, కోత తేదీ వ్రాయుడు. ఏడాది తరువాత ఒక్కనాడే పట్టించి, సమానముగా తూచి, ఒకే కొలత నీటితో వండించుడు. గిన్నెలపై పేర్లుగాక అంకెలు వేయుడు. నూక, వాసన, ఒదుగు, జిగట, మరునాటి చద్దన్నము — ఈ ఐదింటిని వండు స్త్రీలచే చెప్పించుడు. వారికన్న తగిన పరీక్షకులు లేరు.

"అప్పులవాడు వాకిట నిలిచిన నాడు ఏడాది ఎట్లు ఆగుదుము?" అని అందురు. నిజమే. అందుకే పంటంతయు ఆపుమనుట లేదు. రెండు బస్తాలే అంటిని. పరీక్షలో నెగ్గిన పిమ్మట రిజిష్టరైన గోదాములో నిలువచేసి, రశీదుపై బ్యాంకు అప్పు పొందు మార్గము 2007 నాటి గోదాముల చట్టము చూపియున్నది. పాత సరుకు ధర, తరిగిన తూకమును, వడ్డీని మించినప్పుడే నిలువ లాభము. ఆ లెక్క ముందుగా వేసికొనుడు.

కొనువారికిని ఒక మాట. ఇకమీదట "పాతయేనా?" అని మాత్రమే అడుగకుడు. "ఎవరివి?" అనియు అడుగుడు. ఆ ప్రశ్న బజారున వినబడిననాడు కల్లములో వడ్లు తిరుగవేయు చేతికి విలువ వచ్చును.