సీటు కన్ఫర్మ్ అంటేనే డౌట్ పడాలి తమ్ముడూ

పోయిన ఆదివారం పొద్దున్నే తణుకు నుంచి పిన్ని ఫోన్. నేనింకా దుప్పట్లోనే ఉన్నాను.

"ఒరేయ్ నాన్నా, నువ్వైనా చెప్పరా వీడికి. యూరప్‌లో యాక్టింగ్ కాలేజీ అంట. సీటు కూడా కన్ఫర్మ్ అయిపోయిందంట. మీ బాబాయి అర ఎకరం బేరం పెట్టేసి బయానా కూడా తీసేసుకున్నారు."

అంతే, నిద్ర ఎగిరిపోయింది.

వీడంటే మా పిన్ని కొడుకు. ఈ ఏడే బీటెక్ అయింది. రీల్స్ చేస్తాడు. తమ్ముడని చెప్పడం కాదు గానీ బానే చేస్తాడు. వాట్సాప్‌లో బ్రోచర్ పంపించమన్నాను. మొదటి పేజీలో ఈఫిల్ టవర్. రెండో పేజీలో కెమెరా పట్టుకుని నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి. మూడో పేజీలో ఫీజు: ఏడాది డిప్లొమాకి 18 లక్షలు. దాని కింద పెద్ద అక్షరాలతో "నో ఆడిషన్, నో ఇంటర్వ్యూ". వాడికి బాగా నచ్చింది ఆ లైనే. నాకు తేడా కొట్టింది కూడా అక్కడే.

యాక్టింగ్ నేర్పే చోటికి ఆడిషన్ లేకపోవడమంటే డ్రైవింగ్ టెస్ట్ లేకుండా లైసెన్స్ ఇచ్చినట్టే కదా. (మన దగ్గర అదీ జరుగుతుందనుకోండి, అది వేరే కాలమ్.)

లండన్‌లో రాడా అని ఒక స్కూలుంది. 1904లో మొదలైంది. ఏటా వేలమంది అప్లై చేస్తే, మూడేళ్ల నటన డిగ్రీలోకి వాళ్లు తీసుకునేది సుమారు 28 మందిని. రౌండ్ల మీద రౌండ్లు ఆడిషన్లు. షేక్‌స్పియర్ లాంటి పాతకాలం నాటకంలోంచి ఒక ముక్క, ఈ కాలం నాటకంలోంచి ఒక ముక్క నేర్చుకుని వెళ్లాలి. విదేశీ విద్యార్థులకి ఫీజు మామూలుగా ఉండదు, అది నిజమే. కానీ ముందు నిన్ను చూస్తారు, ఫీజు సంగతి ఆ తర్వాత.

ఈ రాడాకి బెర్నార్డ్ షా తన నాటకాల రాయల్టీలో మూడో వంతు రాసిచ్చి 1950లో పోయాడు. ఆ తర్వాత ఆయన ‘పిగ్మాలియన్’ నాటకం ‘మై ఫెయిర్ లేడీ’గా మారి మొదట స్టేజీ మీద, తర్వాత సినిమాగా దుమ్ము లేపింది. యాస మార్చుకున్న పూలమ్మాయి కథ మీద వచ్చిన డబ్బుతో కొన్ని తరాల నటులు చదువుకున్నారన్నమాట.

ఇంకో సంగతి. 1920లలోనే ఆ రాడాలో చదివిన ఒకావిడ పుట్టింది మన వాల్తేరులో. దేవికారాణి. అక్కణ్ణుంచి బెర్లిన్‌లోని ఉఫా స్టూడియోకి వెళ్లి పని నేర్చుకుంది. తిరిగొచ్చి, భర్త హిమాంశు రాయ్‌తో కలిసి 1934లో బాంబే టాకీస్ పెట్టింది. మొట్టమొదటి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆవిడదే. అదే స్కూల్లో చదివిన ఇబ్రహీం అల్కాజీ ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాని ఏళ్ల తరబడి నడిపాడు. నసీరుద్దీన్ షా, ఓంపురి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఆ దారిలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు లేకపోలేదు.

ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే మా తమ్ముడు మధ్యలో ఆపాడు. "అన్నా, లండన్ కాదు. ఇది యూరప్ మెయిన్‌ల్యాండ్. అక్కడ పద్ధతి వేరే అంట."

వేరే అన్నమాట నిజమే. ఇంకా కష్టం.

ప్రాగ్‌లో ఫాము ఉంది, 1946 నుంచి. నది ఒడ్డున, నేషనల్ థియేటర్‌కి ఎదురుగా ఉండే పాత భవనం. కింద కేఫ్, పైన ఫిల్మ్ స్కూలు. మిలోష్ ఫోర్మన్, యిర్జీ మెంజెల్, వేరా హితిలోవా అందరూ అక్కడివాళ్లే. చెక్ భాషలో చదివితే అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఏ దేశంవాడికైనా లేదు. ఇంగ్లీషులో చెప్పే కోర్సులు వేరే ఉన్నాయి, వాటికి ఫీజు కట్టాలి. అంటే ఫ్రీ సీటు కావాలంటే ముందు చెక్ నేర్చుకోవాలి, ఆ తర్వాత ఎంట్రన్స్‌లో గెలవాలి. పారిస్‌లో లా ఫెమిస్ కూడా అంతే. ప్రభుత్వ స్కూలు, క్లాసులు ఫ్రెంచ్‌లో, సీట్లు గుప్పెడు. పైగా అందులో డైరెక్షన్, కెమెరా, సౌండ్, ఎడిటింగ్ ఉన్నాయి గానీ యాక్టింగే లేదు! ఫిల్మ్ స్కూలంటే యాక్టింగ్ స్కూలు కూడా అనుకుంటాం మనం. రెండూ ఒకేచోట నేర్పే పోలండ్‌లోని వూచ్ లాంటివి ఉన్నాయి, లేనివీ ఉన్నాయి.

వూచ్ దగ్గర కాస్త ఆగుతాను, నాకు ఇష్టమైన కథ అది.

యుద్ధంలో వార్సా నేలమట్టమైంది. పక్కనున్న బట్టల మిల్లుల ఊరు వూచ్ మాత్రం మిగిలింది. అందుకే ఫిల్మ్ స్కూలు అక్కడ పెట్టారు, 1948లో. బయట హాళ్లలో ఆడని పరదేశీ సినిమాలు కూడా స్టూడెంట్స్‌కి వేసి చూపించేవారు. షో అయ్యాక మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. ఆ చెక్కమెట్లకి ఇప్పటికీ పెద్ద పేరు. వైదా, పొలాన్‌స్కీ ఆ మెట్లెక్కినవాళ్లే.

కీస్లోవ్‌స్కీ అని ఒకతను ముందు ఫైర్‌మన్ ట్రైనింగ్‌లో చేరాడు. మూడు నెలల్లో పారిపోయాడు. తర్వాత వార్సాలో థియేటర్ టెక్నీషియన్ల కాలేజీ. అక్కడ నాటకాల పిచ్చి పట్టింది. వూచ్‌కి అప్లై చేశాడు, రిజెక్ట్. మళ్లీ చేశాడు, మళ్లీ రిజెక్ట్. మూడోసారికి తీసుకున్నారు. ‘డెకలాగ్’, ‘త్రీ కలర్స్’ తీసింది ఆయనే. జర్మనీలో ఫాస్‌బిండర్‌ని బెర్లిన్ ఫిల్మ్ అకాడమీ తీసుకోనే లేదు. ఆయన కూడా మానలేదు, ముప్పై ఏడేళ్లకి చనిపోయేలోపు నలభైకి పైగా సినిమాలు తీసి పడేశాడు.

రిజెక్ట్ చేయగలిగిన స్కూలుకే కదా విలువ. మా వాడి బ్రోచర్ కాలేజీ ఎవర్నీ రిజెక్ట్ చేయదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. థర్డ్ ఇయర్‌లో నేను పుణె ఇన్‌స్టిట్యూట్ ఎంట్రన్స్‌కి అప్లికేషన్ పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. హాల్ టికెట్ వచ్చింది. అదే వారం కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలు. ఎంట్రన్స్‌కి వెళ్లలేదు. రిజెక్ట్ చేసే ఛాన్స్ కూడా వాళ్లకి ఇవ్వలేదు నేను. ఆ హాల్ టికెట్ మెయిల్ ఇంకా డిలీట్ చేయలేదు. అందుకే వాణ్ణి "ఇవన్నీ ఎందుకురా, ఉద్యోగం చూసుకో" అనడానికి నాకు నోరు రాలేదు.

పిన్నికి కావల్సింది మాత్రం నేను ఆ మాట అనడమే.

వాడితో రాత్రి రెండు గంటలు మాట్లాడాను. "సరే అన్నా, మరి అక్కడ అసలు ఏం నేర్పుతారు?" అని అడిగాడు. 18 లక్షలు కట్టేముందు అడగాల్సిన ప్రశ్న, కట్టబోతూ అడిగాడు. పోనీ, అడిగాడు.

జాక్ లెకాక్ గురించి చెప్పాను. ఈయన వ్యాయామం మేష్టారుగా మొదలై నటన వైపు వచ్చినవాడు. 1956లో పారిస్‌లో స్కూలు పెట్టాడు. తర్వాత అది ఒక పాత బాక్సింగ్ హాల్లోకి మారింది. అక్కడ మొదట్లోనే మొహానికి తోలు మాస్క్ తొడుగుతారు. న్యూట్రల్ మాస్క్ అంటారు. దాని మీద నవ్వు ఉండదు, ఏడుపు ఉండదు. ఇప్పుడు నిద్ర లేవు, నడువు, సముద్రాన్ని మొదటిసారి చూడు. మొహం లేదు కాబట్టి ఒళ్లే మాట్లాడాలి. రెండేళ్ల కోర్సు, మొదటి ఏడు అయ్యాక అందర్నీ రెండో ఏడుకి తీసుకోరు. ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’లో బార్బోసా వేసిన జెఫ్రీ రష్ ఈ స్కూలే.

"నీ రీల్స్ అన్నీ మొహమేరా. మెడ కింద నువ్వేం చేస్తున్నావో ఒక్కదాంట్లోనూ కనబడదు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తగిలినట్టుంది.

ఇంకోటి, ఇది ఫోన్ ఉన్న ప్రతివాళ్లూ చేసుకోవచ్చు. మాస్కోలో 1919లో మొదలైన ఫిల్మ్ స్కూలు ప్రపంచంలోనే మొదటిది అంటారు. అప్పుడు అంతర్యుద్ధం, ముడి ఫిల్మ్ దొరకదు. కులెషోవ్ అనే కుర్ర టీచరు ఉన్న పాత రీళ్లనే కత్తిరించి అతికించేవాడు. ఒక నటుడి మొహం షాట్ తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టాడు. చూసినవాళ్లు ఆకలి ఎంత బాగా చూపించాడు, దుఃఖం ఎంత బాగా చూపించాడు అని మెచ్చుకున్నారని చెబుతారు. మొహం ఒకటే, మారలేదు. మన సీరియళ్లలో అత్త మొహం, కోడలి మొహం, మళ్లీ అత్త మొహం, మధ్యలో మూడు ఉరుములు... ఆ ఉరుముల వెనకున్న లెక్క ఇదే.

మా వాడు మర్నాడే చేసి పంపాడు. వాళ్ల నాన్న మొహం, తర్వాత పొలం. వాళ్ల నాన్న మొహం, తర్వాత టీవీలో క్రికెట్. బాబాయి రెండింట్లోనూ ఒకేలా ఉన్నారు. మొదటిది మాత్రం నేను రెండోసారి చూడలేదు.

సోమవారం బాబాయి బయానా వెనక్కిచ్చేశారు. రిజిస్ట్రేషన్ ఫీజని వీడి దగ్గర పాతికవేలు తీసుకున్న కన్సల్టెన్సీ మాత్రం ఇంకా తిరిగివ్వలేదు. ఫోన్ చేస్తే "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటున్నారు. వాడి నంబర్ బ్లాక్ చేశారు, ఇప్పుడు నా ఫోన్ నుంచి చేస్తున్నాం.

యూరప్ మానేద్దామని మేం అనుకోలేదు. పద్ధతిగా వెళ్దామనుకున్నాం. వాడు ఫ్రెంచ్ యాప్ వేసుకున్నాడు, ఇక్కడి ఎంట్రన్స్‌ల తేదీలు కూడా చూస్తున్నాడు. ఈలోపు ఒక పని ఇచ్చాను. లా ఫెమిస్ ఎంట్రన్స్‌లో కొన్ని అంశాలు ఇచ్చి, ఒకటి తీసుకుని నీ కళ్లతో చూసి ఫైలు తయారు చెయ్యమంటారు. రాతలు, ఫొటోలు, మనుషులతో మాటలు, నీ ఇష్టం. వాళ్లు అందులో చూసేది నువ్వెలా చూస్తున్నావనేది. నేను మా వాడికి "తాళం" అని ఒక్క మాట ఇచ్చాను.

నిన్న రాత్రి తణుకు మార్కెట్ దగ్గర తాళాలు బాగుచేసే ఆయన ఫొటోలు పన్నెండు పంపాడు. ఒకదాంట్లో రేకు డబ్బా నిండా తాళం చెవులు, వాటి తాళాలు ఏవో ఎవరికీ తెలీదంట. దాని కింద మెసేజ్: "అన్నా, చెవులు పోగొట్టుకున్నోళ్లు రాత్రిపూట ఫోన్ చేస్తే ఈయన ఇంటికే వెళ్తాడంట. ఈరోజు నన్నూ రమ్మన్నాడు. అమ్మకి ఏం చెప్పి వెళ్లను?"

"నిజమే చెప్పు. పెట్రోల్ కొట్టించుకుని వెళ్లు" అన్నాను.